దుబాసీ పెట్టె

ఉలాన్‌బాతర్ కార్ల సంతలో
మా కొట్టు ఒక ఇనుప డబ్బా.
బయట సున్నాకి ముప్ఫై కింద.
లోపల బొగ్గు పొయ్యి పక్కన మాత్రం
మనిషి నిలబడదగ్గ చోటు రెండడుగులు.

జపాన్ నుంచి ఓడెక్కి వచ్చిన పాత బండిని
దులమ్‌సురెన్ లోపలికి తోలుకొచ్చింది.
టాక్సీ నడుపుతుంది.
దగ్గింది బండో ఆవిడో తెలియలేదు.

"ఈ రేడియో తొంభై దగ్గరే ఆగిపోతుంది.
మన ఊరి కబుర్లన్నీ తొంభై దాటాకే కదా.
తీసి పారెయ్. కొత్తది పెట్టు.
వీటి జోలికి మాత్రం రాకు" అని
స్టీరింగ్ మీది మీటల్ని
ఎడమ బొటనవేలితో చూపించింది.

చూపించడానికి ఆ చేతికి మిగిలింది ఆ వేలే.
చిటికెనవేలు ఉంది గానీ దానికి స్పర్శ లేదు.
మిగతావాటిని మంచు తినేసిందట,
ఓ రాత్రి దారిలో టైరు మారుస్తుంటే.
ఉల్లిపాయల ధర చెప్పినట్టు చెప్పింది.

ముందు బ్యాటరీ తీగ విప్పాను.
స్టీరింగ్ గుండెల్లో మడిచిపెట్టిన గాలిసంచి ఉంటుంది,
దాన్ని నిద్ర లేపకూడదు.
ఈ చలికి ప్లాస్టిక్ అంటే అప్పడమే.
జుట్టు ఆరబెట్టే యంత్రంతో డాష్‌బోర్డుకి
కాపడం పెట్టి, పెట్టి,
ఒక్కో కొక్కేన్నీ ఊడదీశాను.
అయినా ఒకటి విరిగింది.
ఆవిడ చూడలేదు.

పాత రేడియో బయటికొచ్చింది,
వెనకాల జడకుచ్చుల్లా తీగలు.
సందులో చిల్లుపడ్డ జపాన్ నాణెం ఒకటి.

రేడియో ఎవడైనా మారుస్తాడు.
చిక్కల్లా, మార్చగానే
మీటలకు నోరు పడిపోతుంది.
వాటికి వచ్చింది పాతదాని భాషే.
ఆరు మీటలకూ కలిపి ఒకటే తీగ.
ఏది నొక్కినా అదే దారి,
ఎంత అడ్డు దాటుకుని వచ్చిందన్నదే తేడా.
మా యజమాని "ఊఁ" లాగే:
అదే ఊఁ, ఓసారి సరే అని,
ఓసారి జీతం కోస్తానని.

అందుకని మధ్యలో ఒక దుబాసీ.
అగ్గిపెట్టెంత నల్ల పెట్టె.
ఒక్కో మీటనీ నొక్కి పట్టుకుని
దానికి మాటలు నేర్పాలి,
దీపం రెండుసార్లు మిణికేదాకా.

గాన్‌తిగ్ నేర్పాడు.
మా కుర్రాడే, రాత్రంతా నిద్ర లేదు వాడికి.
అంతా తల్లకిందులు.
తగ్గించబోతే, వార్తలు చదివే మనిషి
కొట్టు కప్పు లేచిపోయేలా అరిచాడు.
పొయ్యి మీద ఉప్పు టీ ఒలికింది.
దులమ్‌సురెన్ నవ్వగా చూసింది అప్పుడే.

మళ్ళీ మొదటినుంచి.
ఈసారి నేనే కూర్చున్నాను.
అప్పుడు కంటబడింది:
కూడిక గుర్తు లేదు.
అరిగి, నున్నబడి, గోరంత గుంట మిగిలింది.
తీసివేత గుర్తేమో నిన్న అచ్చేసినంత తెల్లగా.
సముద్రానికి అవతల ఎవరో
ఏళ్ళ తరబడి పెంచుకుంటూనే పోయారు.
ఒంటరి ప్రయాణాలేమో. వర్షాలేమో.
చెవుడేమో.

"నాకు ఆ రెండోది బాగా పనిచెయ్యాలి" అందావిడ.
"వెనక సీట్లో ఫోను పట్టుకుని
ఎవరైనా గొంతు తగ్గించారనుకో,
నేనూ తగ్గించాలి.
చెయ్యి చాచి తిప్పానా,
చూసి మాట మింగేస్తారు.
ఆ తర్వాత దిగేదాకా కిటికీ వైపే."

నేర్పాను.
దీపం మిణికింది, మళ్ళీ మిణికింది.
ఆవిడ బొటనవేలు ఆనించింది.
వార్తలు మెట్టు మెట్టుగా దిగాయి,
పొయ్యిలో బొగ్గు చిట్లడం వినబడేదాకా.

డబ్బు లెక్కపెట్టి నా చేతిలో పెట్టి,
అందులోంచి ఒక నోటు
వెనక్కి లాక్కుంది.

"కొక్కేనికి" అంది.